మొదటి పోస్టు మీద పడిన క్లిక్కు

సహోదరులారా, సహోదరీలారా, ఇంతవరకు మనల్ని చెయ్యి పట్టుకుని నడిపించిన యేసయ్య పేరట మీకందరికీ నా వందనాలు! పాస్టరు అయ్యగారు నన్ను పిలిచి "రూతమ్మా, టూకీగా చెప్పమ్మా" అన్నారు, నా నోటి సంగతి ఆయనకు బాగా తెలుసు, కానీ దేవుడు ఇంత పెద్ద కార్యం చేస్తే దాన్ని టూకీగా ఎట్లా చెప్పేది? మీరే కాస్త ఓపిక పట్టాలి.

పోయిన వానాకాలమంతా మా అమ్మ ఇంటి తలుపుకు గడియ పెట్టనివ్వలేదు. జల్లు కొట్టి గడప తడిసినా, వీధి కుక్కలు వంటింట్లోకి తొంగిచూసినా సరే, తలుపు తీసే ఉండాలి. నా తమ్ముడు వస్తే, మూసిన తలుపు చూసి వెనక్కి తిరిగిపోతాడేమోనని ఆమె భయం. వాడు ఎక్కడున్నాడో తెలియదు, అసలు ఉన్నాడో లేడో కూడా తెలియదు. అన్నం కలిపి ముద్ద నోటి దాకా తెచ్చుకుని "వాడు తిన్నడో లేదో" అని మళ్లీ పళ్లెంలో పెట్టేసేది. అది చూసి నేను వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని, ఎందుకంటే ఆమె ముందు ఏడిస్తే ఇద్దరం కూలిపోతాం కదా!

మా తమ్ముడిని అందరం చిన్న అంటాం. కోదాడ, హుజూర్‌నగర్ పల్లెల నుంచి వ్యానులో వడ్లు ఎత్తుకుని మిర్యాలగూడ మిల్లులకు తోలేవాడు. చెయ్యి మంచిది, మనసు మంచిది, కానీ తాగుడు పట్టుకుంది. మొదట దోస్తులతో, తర్వాత ఒక్కడే, చివరికి పొద్దున లేస్తే చేతులు వణికి చాయ్ గ్లాసు కూడా పట్టుకోలేని స్థితికి వచ్చాడు. మేం తిట్టాం, బతిమాలాం, ఒట్లు వేయించుకున్నాం, ఏదీ పని చేయలేదు. ఒకరోజు తాగి తోలి, వడ్ల బస్తాలతో సహా వ్యానును రోడ్డు పక్క గుంతలో పడేశాడు. దేవుని దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ పొలం నుంచి పరుగెత్తుకొచ్చిన జనం ముందు వ్యాను ఓనరు వాడిని అనరాని మాటలు అన్నాడట. వాడు అక్కడి నుంచి ఇంటికి రాలేదు. ఫోను బంద్ అయింది. ఆ తర్వాత వాడి గొంతు మాకు వినపడలేదు.

తిరగని చోటు లేదు సహోదరులారా! బస్టాండ్లు తిరిగాం, మిల్లుల దగ్గర హమాలీలను అడిగాం, దవాఖానల్లో వెతికాం. మా ఆయన మఠంపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పని చేస్తాడు, అక్కడ కృష్ణలో ఎవరిదో శవం తేలిందంటే ఆయనే గుండె గట్టి చేసుకుని చూడటానికి వెళ్లాడు. ఆయన ఫోను చేసి "వీడు మనోడు కాదు" అనే దాకా నేను, అమ్మ గడప మీద ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని కూర్చున్నాం. అది విన్నాక అమ్మ సంతోషపడలేదు. "పాపం, ఎవల బిడ్డనో" అని ఆ తెలియనివాడి కోసం మోకరించి ఏడ్చింది.

ఇప్పుడు నా పని గురించి ఒక మాట చెప్పాలి, లేకపోతే మీకు దేవుని కార్యం అర్థం కాదు. సంఘంలో పెద్దలు కొందరు నన్ను చూసి "ఎప్పుడు చూసినా ఫోనే" అని మూతి తిప్పుతారని నాకు తెలుసు, ఏమీ అనుకోను! నేను మెసేజింగ్ యాప్‌లో ఒక ఛానెల్ నడుపుతాను. ఆన్‌లైన్‌లో ఎక్కడ ఏ సామాను చౌకగా వచ్చినా, కుక్కరయినా, దుప్పట్లయినా, లింకు పెడతాను, ఆ లింకు గుండా వెళ్లి ఎవరైనా కొంటే కంపెనీ నాకు కమిషన్ ఇస్తుంది. ఛానెల్‌లో ఉన్నది ఎవరో, కొన్నది ఎవరో, ఏ ఊరో, నాకేమీ కనిపించదు. కానీ ఒక్కో పోస్టులోని లింకుకు ఒక్కో గుర్తు పేరు తగిలిస్తాను. ఆ గుర్తు కింద ఎన్ని క్లిక్కులు పడ్డాయి, అందులో ఎన్ని ఆర్డర్లయ్యాయి, ఏ సామాను పోయింది అనేది రిపోర్టులో వస్తుంది. పొద్దున్నే చాయ్ పెట్టుకుని ఆ రిపోర్టు చూసుకోవడం నా అలవాటు, దాన్నిబట్టే ఏ పోస్టు పని చేసింది, ఏది దండగ అనేది తెలుస్తుంది.

ఆ ఛానెల్ పెట్టిన రోజు అందులో ఉన్నది ఇద్దరమే, నేను, మా చిన్న. లింకు పని చేస్తుందో లేదో చూద్దామని వాడు బండి మీదకు తీసుకుపోయే టిఫిన్ డబ్బా లింకు ఒకటి పెట్టి, గుర్తు పేరు కూడా "చిన్న" అనే పెట్టాను. "ఎప్పుడు ఏది కొన్నా దీని గుండానే పోరా" అని చెప్పాను, వాడు నవ్వి "అక్కా, డబ్బా నువ్వే కొనియ్యరాదే" అన్నాడు. ఆ డబ్బా అమ్మడం కూడా ఎప్పుడో ఆగిపోయింది. దాని తర్వాత వేల పోస్టులు పడ్డాయి. ఛానెల్‌లో పైకి జరుపుకుంటూ జరుపుకుంటూ ఆ మొదటి పోస్టు దాకా పోయే పిచ్చివాళ్లు ఎవరూ ఉండరు.

ఒకరోజు అమ్మ ప్రార్థన చేస్తుంటే విన్నాను. ఆమె పెద్ద పెద్ద మాటలు ప్రార్థించదు, పక్కింటి మనిషితో మాట్లాడినట్లే దేవునితో మాట్లాడుతుంది.

"యేసయ్యా, నాయనా, వాన్ని తోలుకురా అంటలేను, నీకెప్పుడు తోలుకురాబుద్దయితే అప్పుడే తోలుకురా. గానీ వాడు బతికున్నడో లేడో జర నాకు ఎరుక చెయ్యి తండ్రీ. ఒక్క గుర్తు సూపియ్యి. గంతే, ఇంకేం అడగ."

ఆ మాటకు నేను ఆమెన్ అన్నాను గానీ, నిజం చెప్పాలంటే గుర్తు ఎక్కడి నుంచి వస్తుందిలే అనుకున్నాను.

రెండు మూడు రోజులకు, పొద్దున చాయ్ తాగుతూ రిపోర్టు తెరిచాను. గుర్తు పేర్ల వరుసలో, కుక్కర్ల కింద, దుప్పట్ల కింద, "చిన్న" అని ఉంది. ఒక క్లిక్కు!

అయ్యో దేవా, నా చేతిలో గ్లాసు ఎక్కడ పెట్టానో నాకు తెలియదు! మొదట నా బుర్ర నమ్మలేదు. ఒక్కోసారి మనిషి లేకుండా రోబోలు కూడా లింకులు తడుముతాయి, అవీ క్లిక్కుల్లోనే పడతాయి, మాకు అది మామూలే. రోబోనేలే అని నన్ను నేను తిట్టుకుని, అమ్మకు చెప్పకుండా రోజంతా పిల్లి తిరిగినట్లు ఇంట్లో తిరిగాను. మర్నాడు మళ్లీ తెరిచాను. అదే పేరు కింద ఆర్డరు పడి ఉంది. లింకు గుండా లోపలికి పోయి వేరే ఏది కొన్నా ఆ గుర్తు కిందకే వస్తుంది. ఏం కొన్నారో చూశాను. మోకాళ్లకు తొడుక్కునే పట్టీలు, ఆడవాళ్లవి, ఒక జత!

రోబోలకు మోకాళ్లు నొప్పి పెడతాయా సహోదరులారా? జీవితమంతా ఒంగి నాట్లు వేసి వేసి మా అమ్మ మోకాళ్లు అరిగిపోయాయని లోకంలో ఎవరికి తెలుసు? నేను పరుగెత్తుకుంటూ పోయి "అమ్మా, చిన్న బతికే ఉన్నాడు!" అని అరిచాను. ఆమె బియ్యం ఏరుతోంది, చాట అట్లాగే కింద పడింది.

"ఎవలు జెప్పిండ్రే?"

"నా రిపోర్టులొచ్చింది అమ్మా!"

"నీ రిపోర్టుల గాదు బిడ్డా, నేనడిగిన దేవుని కాడికెళ్లి వచ్చింది," అంది. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది, రెండూ ఒకేసారి. నేను ఎన్ని ఏళ్లుగా చూస్తున్న రిపోర్టు అది! ఆకాశాన్ని చేసిన దేవుడు నా చిన్న ఫోనులోకి, ఆ గుర్తు పేర్ల మధ్యకు దిగివచ్చి ఒక ముసలి తల్లికి జవాబు చెప్పాడే అని నా ఒళ్లంతా జలదరించింది. దేవునికే మహిమ!

కొన్నాళ్లకు ప్యాకెట్టు కూడా వచ్చింది, అమ్మ పేరు మీదే. విప్పి చూస్తే ఒక ముక్క చీటీ లేదు, పంపినవాడి పేరు లేదు. (ఇంట్లోవాళ్లు కొంటే కమిషన్ ఇవ్వకూడదని కంపెనీ నియమం, అందుకే నేనే కంపెనీకి రాసి ఆ ఆర్డరు మీద వచ్చేది కొట్టేయించాను, కమిషన్ పోయిందని ఇంత సంతోషపడింది నేనొక్కదాన్నే అయి ఉంటాను!) వాడు ఉన్నాడు, ఛానెల్ చూస్తున్నాడు, కానీ ఎక్కడో తెలియదు. అప్పుడు నాకు ఆలోచన తట్టింది, తట్టించింది ఆయనే. ఛానెల్‌లో పాత పోస్టును కూడా మార్చి రాసుకోవచ్చు. మొదటి పోస్టులో డబ్బా మాట తీసేసి, "ఇది విను, విన్నావని నాకు తెలుస్తుంది" అని రాసి, నొక్కితే అమ్మ గొంతు వినపడేటట్లు ఒక లింకు పెట్టాను. దానికీ గుర్తు తగిలించాను. అమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుని మాట్లాడింది.

"బిడ్డా, మంచిగున్నవా? ఏమన్న తిన్నవా? నీ మీద నాకు కోపం లేదు బిడ్డా. యేసయ్యా, నా బిడ్డ గీ మాట ఇంటున్నడు, వాని నెత్తి మీద నీ చెయ్యి పెట్టు. వాని చేతులకెళ్లి ఆ సీసా గుంజెయ్యి తండ్రీ. సిగ్గుపడకుంట ఇంటికొచ్చే తొవ్వ సూపియ్యి."

క్లిక్కు పడింది! మర్నాడు మళ్లీ పడింది. ఆ తర్వాత రోజూ పొద్దెక్కే వేళకు పడేది. నేను రిపోర్టు తెరవకముందే అమ్మ నా పక్కన వచ్చి కూర్చుని "ఇన్నడా?" అని అడిగేది. "ఇన్నడమ్మా" అంటే అప్పుడు అన్నం తినేది. మీరందరూ ఉపవాసముండి మా కోసం ప్రార్థించిన వారం అదే, నేను మరిచిపోలేదు.

తర్వాత క్లిక్కు ఆగిపోయింది.

ఒకరోజు కాదు, వరుసగా. రిపోర్టు తెరవాలంటేనే నాకు భయం. మళ్లీ తాగి ఎక్కడ పడ్డాడో, ఏ బండి కిందకు పోయాడో అని నా మనసు పోని చోటు లేదు. "దేవా, చూపించి లాక్కుంటావా?" అని నేను దేవుని మీద కోపగించుకున్నాను కూడా. అమ్మ మాత్రం "ఆయన ఊకెనే తియ్యలె తొవ్వ, ఊకోయే" అని నన్నే గదమాయించింది.

ఒక మధ్యాహ్నం మా వాకిట్లో వ్యాను ఆగింది. అందులో నుంచి ఆ ఓనరు దిగాడు. ఆయన వెనక తల వంచుకుని మా చిన్న! బక్కచిక్కి ఉన్నాడు, కానీ కళ్లు తెల్లగా ఉన్నాయి, చేతులు వణకడం లేదు. ఓనరు మన సంఘం వాడు కాదు, ఆయన అమ్మతో అన్న మాట వినండి.

"అమ్మా, వీడు మిర్యాలగూడకొచ్చి నా కాళ్లు పట్టుకున్నడు. 'ముందుగాల నీ దగ్గరికే వచ్చిన సేటు, ఇంటికి ఆనంక పోత' అన్నడు. నేను నలుగుర్ల గట్ల తిట్టొద్దుండె. మీ దేవుడు ఏం జేసిండో గానీ, వీడు మునుపటోడు గాదు."

అమ్మ పోయి వాడి మొహం రెండు చేతులతో తడిమి చూసింది, గుడ్డివాళ్లు తడిమినట్లు. తర్వాత వాడు అంతా చెప్పాడు. కోదాడలో బస్టాండు దగ్గర పడి ఉంటే ఒక టిఫిన్ హోటలు నడిపే ఆమె గిన్నెలు కడిగే పనికి పెట్టుకుందట. ఆమె ఫోనులోనే నా ఛానెల్ చూసేవాడట, ఆమె ఫోనులోనే జీతంలో నుంచి అమ్మకు పట్టీలు కొన్నాడట. అప్పటికీ తాగుతూనే ఉన్నాడు. అమ్మ ప్రార్థన విన్న రోజు సాయంత్రం మామూలుగానే సీసా తెచ్చుకున్నాడట. "అక్కా, మూత తీసిన, గొంతుల పోసుకుందామంటే చెయ్యి లేస్తలేదు, ఎవలో పట్టుకున్నట్టే ఉన్నది. పారబోసిన," అన్నాడు. ఓనరు దగ్గరికి పోదామని ఆమె హోటలు విడిచాక వాడి చేతిలో ఫోను లేదు, క్లిక్కులు ఆగింది అందుకేనట. సీసా పారబోసిన రోజు నుంచి ఈ రోజు వరకు వాడు ముట్టలేదు. మందు లేదు, మాత్ర లేదు, నా దేవుని చెయ్యి వాడి చెయ్యి పట్టుకుంది! అదిగో, ఆ వెనక స్తంభం పక్కన కూర్చున్నాడు, సిగ్గుపడుతున్నాడు, మీరు అటు చూడకండి!

అసలు సాక్ష్యం ఇక్కడితో అయిపోవాలి. కానీ నాకు ఇంకా అంతుపట్టనిది ఒకటి మిగిలింది.

వాడు వచ్చాక ఆ పోస్టు తీసేద్దామని కూర్చున్నాను. రిపోర్టు చూస్తే క్లిక్కు పడి ఉంది. "నువ్వు నొక్కినవారా?" అని చిన్నను అడిగితే "నేను ఇంట్లనే ఉన్న గదనే" అన్నాడు. ఆ హోటలు ఆమెను అడిగిస్తే తనూ కాదంది. మర్నాడు మళ్లీ పడింది. ఎవరో, ఎక్కడో, అన్ని పోస్టులు దాటుకుంటూ అంత పైకి వెళ్లి రోజూ మా అమ్మ ప్రార్థన వింటున్నారు. రోబో అంటారా, అననివ్వండి, రోబోకు కూడా దేవుడు మేలు చేయుగాక! నేను అమ్మకు చెప్పాను. ఆమె వెంటనే "అది తియ్యకు" అంది. "నేను అండ్ల చిన్న పేరు చెప్పనే లేదు గదనే, బిడ్డా అనే అన్న. ఇనేటోళ్లు గూడ ఎవలో బిడ్డనే గద" అని, అప్పటికప్పుడే మోకరించింది.

ప్రియులారా, తప్పిపోయిన మీవారి కోసం అడిగి అడిగి అలసిపోయిన తల్లులారా, ఆగకండి, మీ మాట ఆయన చెవిన పడుతూనే ఉంది, ఆయన జవాబు ఏ దారిన వస్తుందో మనకు తెలియదు. ఇక ఆ క్లిక్కు ఎవరిదో, వాళ్లు ఈ సాక్ష్యం వింటుంటే, వాళ్లకు ఒక్క మాట. నువ్వు ఎవరో మాకు తెలియదు, నీ పేరు నా రిపోర్టులో రాదు. కానీ మా ఇంట్లో ఒక ముసలామె రోజూ పొద్దున నా పక్కన కూర్చుని నీ గురించి "ఇన్నడా?" అని అడుగుతోంది. ఆమెను అడగమన్న దేవునికి నీ పేరు తెలుసు. ఆయనను నమ్ము బిడ్డా, ఇంటికి పో.