చెవులకు పెట్టని స్టెతస్కోపు

మా ఆయన పిల్లల డాక్టరు. గోదావరిఖనిలో రెండు గదుల క్లినిక్కుతో మొదలుపెట్టారు. నేను నర్సింగు చదివినదాన్ని. పెళ్లయ్యాక అక్కడే పనిచేశాను. గనిలో షిఫ్టు దిగి, ఇంటికి వెళ్లి పిల్లల్ని భుజాన వేసుకుని వచ్చే తండ్రులు మా వరండాలో కూర్చునేవారు. ఛాతీ మీద పెట్టేముందు ఆయన స్టెతస్కోపును అరచేతిలో రుద్ది వెచ్చచేసేవారు. ఏడుస్తుంటే ఏడుపు ఆగేదాకా ఆగేవారు. వింటున్నంతసేపూ గదిలో ఎవరూ మాట్లాడకూడదు. నేనైనా సరే.

ఆ మనిషిని జనం నమ్మారు. పార్టీవాళ్లు ఇంటికి వచ్చి టికెట్టు ఇస్తామన్నదీ ఆ నమ్మకం చూసే. "మా పిలగాన్ని బతికిచ్చిన సారు" అంటూ ఓట్లేశారు. ఎమ్మెల్యే అయ్యారు.

క్లినిక్కు ఒక కుర్ర డాక్టరు చేతికి వెళ్లింది. ఇంటిముందు మాత్రం పొద్దున్నే జనం. పింఛను కోసం వచ్చేవాళ్లు, ఇంటి పట్టా కోసం వచ్చేవాళ్లు, వాళ్ల మధ్య పాత అలవాటు కొద్దీ పిల్లల్ని ఎత్తుకొచ్చే తల్లులు.

ఒక చలికాలం ఉదయం అలాంటి తల్లే వచ్చింది. భర్తది ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో కాంట్రాక్టు పని. ఏడాది దాటిన పాపను శాలువాలో చుట్టుకుని నిలబడింది. పాప ఎగశ్వాస తీస్తోంది. ఆయన కారెక్కబోతున్నారు. అంతలో విలేకరులు వచ్చారు. పక్కనున్న కార్యకర్త ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఆయన వెనక్కి వచ్చి, కారులోంచి స్టెతస్కోపు తెప్పించుకుని, పాప ఛాతీ మీద పెట్టారు. ఫొటోలు తీశారు. ఆయన కెమెరాల వైపు చూసి నవ్వారు. నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. స్టెతస్కోపు పై కొసలు ఆయన చెవుల్లో లేవు. మెడ మీదే ఉన్నాయి.

"ఏం గాలేదమ్మా, జలుబే. గోరువెచ్చటి నీళ్లు తాపియ్యి" అని పాప చెంప తట్టి వెళ్లిపోయారు.

"సారే జూసిండు, ఇగ ఫికర్ లేదు" అని పక్కామెతో అంటూ ఆ తల్లి గేటు దాటింది. ఆమె ముఖంలో అంత నిశ్చింత చూసి నాకు తల కొట్టేసినట్టయింది. చెప్పులేసుకుని వెంటపడ్డాను. షేర్ ఆటో ఎక్కబోతుంటే పట్టుకున్నాను.

"చెల్లె, ఒక్కసారి క్లినిక్కుకు పోదాం పా."

"జలుబే అన్నడు గదక్కా సారు?"

"ఇంకోసారి సూపిస్తె పోయేదేముంది? నేను గూడ వస్త."

కుర్ర డాక్టరు చాలాసేపు విన్నాడు. నిమోనియా అన్నాడు. వెంటనే దవాఖానలో చేర్పించాం. పాప మెల్లగా తేరుకుంది.

దవాఖానలో చేర్చిన మర్నాడే పేపర్లో ఫొటో వచ్చింది. పసిపాపకు వైద్యం చేస్తున్న ఎమ్మెల్యే. ఆయన చెవులు ఖాళీగా ఉండటం చూసినవాళ్లకు కనిపించేంత స్పష్టంగానే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు. పేపరు ఆయన ముందు పెట్టాను.

"చెవులల్ల లేదు, చూడుండ్రి."

"మీటింగుకు లేటయితుండె" అన్నారు.

"పాపకు నిమోనియా."

ఆయన పేపరు పక్కన పడేశారు. ఏ మందు పెట్టారు, జ్వరమెంత, పాలు తాగుతోందా అని గబగబా అడిగారు. ఆ కాసేపూ నాకు పాత మనిషి కనిపించాడు. అంతలో ఫోను మోగింది.

తర్వాతి ఎన్నికల సభకు ఆ తల్లిని పిలిపించి చేతికి మైకు ఇచ్చారు. ఆమె మైకును రెండు చేతులా పట్టుకుని చెప్పింది. "సారు నా బిడ్డను జూసిండు. మల్ల ఇంటామెను ఎంబడి తోలి దవాఖానల ఏపిచ్చిండు. నా బిడ్డ బతికింది."

ఆమె అబద్ధం చెప్పలేదు. నేను వెంట వచ్చానంటే ఆయనే పంపారనుకుంది. చప్పట్లు మోగాయి. ఆయన లేచి అందరికీ చేతులు జోడించారు. ముందు వరసలో ఆడవాళ్లు నావైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వుతుంటే తల ఎత్తలేకపోయాను. ఆ తర్వాత ప్రతి ఊళ్లోనూ ఆ కథ ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. "మా ఇంటామెను నేనే పంపిన" అనేవారు. చెప్పగా చెప్పగా అది నిజమని తనే నమ్మేశారు కూడా. నేను బీపీ అని వంక పెట్టి సభలకు వెళ్లడం మానేశాను.

ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. దీనివల్ల కాదు, రాజకీయంలో ఓడిపోవడానికి ఉండే కారణాలే. మళ్లీ క్లినిక్కులో కూర్చుంటున్నారు. ఒంట్లో బాగోకపోతే ఆ పాపనూ తల్లి అక్కడికే తెచ్చేది.

మొన్నీమధ్య కూరగాయల మార్కెట్లో ఆ తల్లి ఎదురైంది. పాప పెద్దదైంది. "గీ పెద్దమ్మనే నిన్ను దవాఖానకు తీస్కపోయింది, దండం పెట్టు" అని పాపను ముందుకు నెట్టింది. ఆ చిన్న చేతులు జోడించేసరికి ఇక ఊరుకోలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన ఆ రోజు వినలేదని, నన్ను ఎవరూ పంపలేదని.

ఆమె సంచి కింద పెట్టింది.

"గిది నాకెందుకు జెప్పినవక్కా?" అంది. "మైకుల జెప్పిన గద నేను. మా వాళ్లందరితోని ఓట్లేపిచ్చిన. ఇగ వాళ్లకేమని జెప్పాలె?"

నా బరువు దించుకోవాలనుకున్నాను గానీ, అది ఆమె మీద పడుతుందని ఆలోచించలేదు. పాప చెయ్యి పట్టుకుని ఆమె జనంలో కలిసిపోయింది.

కొన్నాళ్లకు అన్నం తింటూ ఆయనే అడిగారు, "ఆ పాప మన దిక్కు వస్తలేదేంది?" అని.

"వేరే డాక్టరు దగ్గరికి తీస్కపోతున్నరట" అన్నాను.

ఎందుకని ఆయన అడగలేదు.