లారీ డ్రైవరు కుట్టిన దారులు

ఇరవయ్యారేళ్లు లారీ తోలిన మనిషికి ఇంట్లో కూర్చుని రోజు గడపడం గగనమైపోయింది. వెన్నుపూస అరిగిందని, ఇక స్టీరింగు పట్టొద్దని డాక్టరు తేల్చి చెప్పాడు. డ్రైవరు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కదలని వీధిని అదేపనిగా చూస్తూ ఉండేవాడు.

భార్య ఇంట్లోనే సోఫా దిండ్లకు గలీబులు కుట్టి ఓ కొట్టుకు వేసేది. ఆమెకు జ్వరం తగిలిన రోజున, "ఏవండీ, ఈ అంచులు కాస్త కుట్టిపెట్టకూడదూ?" అంది.

అతను మిషను మీద కాలు వేయగానే గుడ్డ పరుగందుకుంది.

"మెల్లగా! వెనకాల ఎవరూ హారన్ కొట్టట్లేదు," అని మంచం మీంచే నవ్వింది.

వారం తిరిగేసరికి చెయ్యి కుదిరింది. ఓ మధ్యాహ్నం పీలికల సంచిలో బూడిద రంగు పట్టుముక్క కంటబడింది. దాన్ని వెలుతురుకు పట్టి చూస్తే, తెల్లవారుజామున మంచులో మునిగిన ఓ పొడవాటి వంతెన గుర్తొచ్చింది. దాన్నో దిండు గలీబుగా కుట్టి, మీద రెండు పసుపు చుక్కలు వేశాడు, ఎదురొచ్చే బండి దీపాల్లా.

ఆ దిండుకు చేరగిలబడింది అత్తగారు. ఆమె వాళ్లతోనే ఉంటుంది. ఇన్నేళ్లలో అల్లుడితో ఆమె మాటలు "భోంచేశారా అల్లుడు గారూ" దగ్గరే ఆగిపోయేవి. ఇవాళ వచ్చి రేపు పోయే మనిషితో ఏం మాట్లాడుతుంది?

"ఇదేమిటండీ, చూస్తేనే చలేస్తోంది?"

"మంచులో వంతెన, అత్తయ్యా."

"అవతల ఏముంది?"

అతను చెప్పుకుపోయాడు. వింటూ వింటూనే ఆమె కళ్లు మూతపడ్డాయి. లేచాక, అవతలి గట్టుదాకా నడిచొచ్చానని చెప్పింది.

అక్కణ్నుంచి రోజుకో దారి. ఎండిన గడ్డి మధ్య ఎర్రమట్టి బాట, వానలో మెరిసే తారురోడ్డు. దిండు కుట్టడం, ఆమె దానికి ఒరగడం, అతను చెప్పడం.

కొట్టు యజమాని వంతెన దిండు చూసి అలాంటివే నలభై కావాలన్నాడు. డ్రైవరు మొదట కుట్టిన మూడూ మూడు రకాలుగా వచ్చాయి.

"అన్నీ ఒకేలా ఉండాలండీ!"

"ఆ వంతెన మీద వందసార్లు వెళ్లానండి. ఒక్కసారీ ఒకేలా కనపడలేదు."

భార్య నెత్తి కొట్టుకుంది. "నలభై నేను కుట్టి పడేస్తాను. మీ దారిన మీరు పొండి."

ఆ వారమే అత్తగారు సముద్రం అడిగింది. ఆమె ఎన్నడూ చూడలేదు. డ్రైవరు నీలిగుడ్డలు అతికాడు, విప్పాడు, మళ్లీ అతికాడు. ఎలా కుట్టినా ఉత్త దుప్పటిలా ఉంది తప్ప ఎక్కడా అల లేవలేదు. ఇరవై రోజులకు కత్తెర కింద పెట్టేశాడు.

"నా వల్ల కాదు అత్తయ్యా. పదండి, వెళ్లి చూసొద్దాం."

ముగ్గురూ పొద్దున్నే బస్సెక్కారు. ఒడ్డున అత్తగారు చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్ల అంచుదాకా వెళ్లింది. ఓ అల మోకాళ్లదాకా తడిపేసరికి అల్లుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. అతని చెయ్యి ఆమె పట్టుకోవడం అదే మొదలు.

"ఇది దిండులో పట్టలేదంటే నీ తప్పేం లేదులే నాయనా," అంది. మీరు కాస్తా నువ్వు అయిపోయింది. అది ఆమెకూ తెలిసినట్టు లేదు.

"అమ్మా, బస్సు వెళ్లిపోతుంది!" కూతురు కేకేసింది.

"ఇంకొక్క అల చూసి వస్తానే."

బస్సు వెళ్లిపోయింది. మళ్లీ బస్సు సాయంత్రానికే. కూతురు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, తనూ నీళ్లలోకి దిగింది.