కుడి బొటనవేలి పని

మా నాయిన నాంపల్లి కోర్టుల దగ్గర, గోడవారన తెలుగు టైపు మిషన్ పెట్టుకుని ముప్పై ఏళ్లు అఫిడవిట్లు కొట్టాడు. నాకూ ఆయనే నేర్పాడు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ కుడి బొటనవేలితోనే కొట్టాలన్నది ఆయన మొదటి శాసనం. ఎడమది పొరపాటున తగిలినా స్కేలు లేచేది. చదవకుండా ఏ కాగితాన్నీ వదలకూడదన్నది రెండోది. ఎవరైనా శుభలేఖ ఇచ్చినా వెనక్కి తిప్పి, కింద షరతులేమైనా ఉన్నాయేమోనని చూసేవాడు.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నాళ్లకు, అబిడ్స్‌లో కదులుతున్న బస్సు దిగబోయి పడ్డాడు. తలకు గట్టి దెబ్బ తగిలింది. మాట పదిరోజుల్లో తిరిగొచ్చింది, ముందు తిట్లు, తర్వాత మిగతావి. కుడిచేయి మాత్రం రాలేదు. మిషన్ ఇంటికొచ్చేసింది. ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని దాని ముందు కూర్చునేవాడు. అది చూడలేక నేను వంటింట్లోకి పోయేదాన్ని.

అప్పుడే పేపర్లో పడింది, దెబ్బతిన్న మెదడును మూలకణాలతో బాగుచేసే రోజులు వస్తాయని. చదివి వినిపించాను. మా అమ్మ సేద్యం చేసిన మనిషి, నాకంటే ముందు అర్థం చేసుకుంది.

"అంటే నారు బోసి నాటేసుడు. గంతేగా!"

దవాఖానలో డాక్టరమ్మను అడిగాం. "ఇంకా పరిశోధనలోనే ఉందమ్మా. ఎలుకల మీద చూస్తున్నారు, కొన్ని కోలుకుంటున్నాయి. మనుషుల దాకా రావడానికి టైం పడుతుంది. అప్పటిదాకా ఆ చేతికి రోజూ పని చెప్పండి" అందామె.

"ఎలుకలకు టైపొస్తదా డాక్టరమ్మా?" అన్నాడు నాయిన.

నాకు అంత ఓపిక లేదు. అబిడ్స్‌లో ఒక క్లినిక్‌వాళ్లు ఇప్పుడే చేస్తామంటున్నారని విని, ఇద్దర్నీ లాక్కెళ్లాను. మూడో అంతస్తు. లిఫ్టు చెడిపోయి ఉంది. "గీళ్లకు లిఫ్టు బాగుచేసుకోరాదు, నా తలకాయ బాగుచేస్తరట!" అని నాయిన మెట్టుమెట్టుకూ సణిగాడు.

కోటు వేసుకున్నాయన రంగుల బొమ్మ చూపించాడు. వెన్నులో సూది వేస్తే కణాలు వాటంతటవే మెదడులోకి పోయి, చెడినచోట కుదురుకుంటాయట. అమ్మకు అనుమానం వచ్చింది.

"నాటేసినంక కలుపెవ్వరు తీస్తరు సారూ? అక్కరలేని కాడ మొలిస్తే?"

ఆయన నవ్వాడు. నేనూ సిగ్గుతో నవ్వాను. అలాంటి కణాలు అదుపు తప్పి గడ్డలు కట్టే ప్రమాదం ఉందని చాలా ఏళ్లకు చదివాక, అడగాల్సిన ప్రశ్న అడిగింది అమ్మేనని తెలిసింది.

అంగీకార పత్రం ముందుకొచ్చింది. "ఇక్కడ వేలిముద్ర వెయ్యి నాయినా" అని ఇంకు ప్యాడు తెరిచాను.

"ముప్పయ్యేండ్లు అక్షరాలు కొట్టినోన్ని, వేలిముద్ర ఏస్తనా?"

కాగితం లాక్కుని చదివాడు. చివరి పేజీలో, అన్నిటికంటే కింద ఉంది: ఫలితం రాకపోయినా, ప్రాణహాని కలిగినా క్లినిక్‌కు బాధ్యత లేదు. "గీ కాయితం నేను మల్ల కొట్టుకొస్త" అని లేచాడు.

ఎడమచేతి ఒక్క వేలితో నాలుగు రోజులు కొట్టాడు. ఫలితం రాకపోయినా, ప్రాణహాని కలిగినా బాధ్యత క్లినిక్‌దే. మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు, మాటలన్నీ సిటీ బస్సులో జనంలా ఒకదానిమీద ఒకటి పడి ఉన్నాయి. ఎడమచేత్తోనే ఖాళీ కొట్టరాదా అంటే, "అది దాని పని గాదు" అన్నాడు.

మళ్లీ క్లినిక్‌కు తీసుకెళ్తే, కోటాయన కూడబలుక్కుని చదివి, "గిట్ల రాస్తే ఎవ్వలైనా సంతకం పెడ్తరా పెద్దాయనా?" అన్నాడు.

"మరి నేనెట్ల పెడ్త?"

మెట్లు దిగుతూ కోపంతో ఏడ్చాను. నీ మొండితనానికి చెయ్యే కాదు, నువ్వంతా పోతావన్నాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. మర్నాటి నుంచి నాయిన అదే కాగితాన్ని రోజూ కొట్టడం మొదలుపెట్టాడు. మాట పూర్తయిన ప్రతిసారీ ఆగి, ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి, ఖాళీ కొట్టే మీట మీద పెట్టుకునేవాడు. బొటనవేలు కదులుతుందేమోనని చూసేవాడు. కదలకపోతే దాన్ని కోర్టు భాషలో తిట్టి ముందుకు పోయేవాడు.

వానలు పోయాయి, నాంపల్లిలో ఏటా జనవరిలో పెట్టే ఎగ్జిబిషన్ కూడా మొదలైంది. ఒక పొద్దున ఆ రోజు కాగితం నా చేతికిచ్చాడు. మూడో వరుసలో, రెండు మాటల మధ్య ఖాళీ ఉంది.

"ఏందే, రాసింది సదువకుంట, ఏం లేని కాడ చూస్తున్నవ్?"

నేను ఆ ఖాళీ మీద వేలు పెట్టాను.

"ఔ" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "మీ అమ్మకు జెప్పుపో. నాటెయ్యకుంటనే ఒకటి మొలిచిందని."