గేటు చాచా బెల్టు

పటాన్‌చెరులో మా ఫ్యాక్టరీ గేటు కాపలాదారును అందరం చాచా అనేవాళ్లం. వేప పూతకొచ్చే రోజుల్లో ఆయన యాభై కుక్కలను వరసగా కూర్చోబెట్టి, చెవుల్లో నెత్తురు తాగే గోమార్లను ఏరేవాడు. యాభై కాదు, మూడే. ఏరినదాన్నల్లా కిరసనాయిలు డబ్బాలో వేసి, "ఇగ పో బేటా, హాయిగ పండు" అనేవాడు.

ఒక ఫాల్గుణంలో పిచ్చికుక్క ఎవరినో కరిచింది. మెడకు పట్టీ లేని కుక్కలను చంపుతామని చాటింపు వేశారు. చాచా రెండింటికి తోలు ముక్కలు కట్టాడు. మూడోది కుంటిది, దానికి మిగల్లేదు. ఈలోగా చంపేవాళ్లు గేటు దాకా వచ్చేశారు.

అప్పుడు నా బెల్టు తీసిచ్చానని మనవలకు చెబుతుంటాను. అబద్ధం. చాచా నా నడుం వైపు చూసిన మాట మాత్రం నిజం.

"కొత్తది చాచా, పెండ్లికని కొన్న" అన్నాను.

"ఉంచుకో బేటా, నీకే మంచిగుంటది" అని తన యూనిఫాం బెల్టు ఊడదీసి కుంటిదాని మెడకు చుట్టాడు. ఆ రోజంతా ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఇంకో చేత్తో సలాం కొట్టాడు.

"బెల్టేది?" అని మేనేజర్ అడిగాడు.

"డ్యూటీల ఉన్నది సాబ్" అని చాచా కుంటిదాన్ని చూపించాడు.

పక్కనే ఉన్న నేను చొక్కా బయటికి లాగి నా బెల్టు కప్పుకున్నాను.