ఒకే టికెట్టు మీద ఇద్దరం

మా ఆడబిడ్డ తాండూరులో ఇంటి మెట్ల మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ కబురు వచ్చిన మర్నాడు పొద్దున మా బావగారు మా ఆయనకు ఫోన్ చేశారు. నవాబుపేట నుంచి మా తోటికోడలు కూడా చూడటానికి బయలుదేరుతోందని, వికారాబాద్ స్టేషన్ దాకా ఆటోలో వస్తుందని, నేను ఎలాగూ పోతున్నాను గనక ఆమెకు కూడా నన్నే టికెట్ తీయమని చెప్పారు. మా ఆయన ఆ మాట నా చెవిన వేసి, నా ముఖం చూడకుండా స్నానానికి వెళ్లిపోయాడు.

నేనూ మా తోటికోడలూ అప్పటికి ఆరేళ్లుగా మాట్లాడుకోవడం లేదు. మా అత్తమ్మ హైదరాబాద్ ఆసుపత్రిలో ఉన్న చివరి రోజుల్లో దగ్గర నేనే ఉన్నాను. ఆమె పోయిన తర్వాత గాని మా తోటికోడలికి కబురు చేరలేదు. దినాల రోజు అందరి ముందూ ఆమె నన్ను ఒకే ప్రశ్న అడిగింది, కావాలనే చెప్పలేదా అని. నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడ్డా ఒకరి వైపు ఒకరం చూసుకోలేదు.

బస్సులో పోవచ్చు కదా అని ఎవరైనా అనవచ్చు. మాకు ఆడవాళ్లకు బస్సు ఉచితమే. కానీ మా తోటికోడలికి బస్సెక్కితే కడుపులో తిప్పుతుంది. పైగా మోకాలి నొప్పి. నిలబడి పోలేదు. అందుకే రైలు.

నేను అంగన్‌వాడీ టీచర్‌ని. పిల్లల బరువులు, ఎత్తులు, గర్భిణుల వివరాలు అన్నీ రోజూ ఫోన్‌లో ఎక్కిస్తాను. అందువల్ల ఇంట్లో ఫోన్ పని ఏదున్నా నా దగ్గరికే వస్తుంది. నాకు అన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం నాకూ కొంచెం ఉండేది. స్టేషన్‌లో కౌంటర్ ముందు వరుస గేటు దాకా ఉంది. నేను బయట చాయ్ బండి దగ్గర నిలబడి ఫోన్‌లోనే టికెట్ తీయడం మొదలుపెట్టాను.

వికారాబాద్ నుంచి తాండూరు అని కొడితే మూడు రకాలు చూపించింది. ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్, సూపర్‌ఫాస్ట్. అదే ఊరు, అవే పట్టాలు, మూడు ధరలు. ఎందుకో అర్థం కాలేదు. రైలెక్కితే రైలే కదా అనుకున్నాను. అన్నింటికంటే తక్కువ ఉన్నది నొక్కాను. ఇద్దరు పెద్దవాళ్లు. కాగితం కావాలా వద్దా అని అడిగితే వద్దన్నాను. డబ్బు కట్టగానే టికెట్ వచ్చేసింది. అప్పుడు గాని కింద ఉన్న సన్న అక్షరాలు చదవలేదు.

ఒక్కొక్కటే చదివాను. ఈ టికెట్ ఆర్డినరీ బండికే చెల్లుతుంది. మూడు గంటల లోపల ప్రయాణం మొదలుపెట్టాలి. రద్దు చేయడం కుదరదు. తీసిన ఫోన్‌లో తప్ప ఇంకో ఫోన్‌లో చూపించకూడదు, ఫొటో తీసి పంపినా చెల్లదు. అంటే మా తోటికోడలు తాండూరు చేరేదాకా నా పక్కన ఉండాల్సిందే. ఆమె టికెట్ నా ఫోన్‌లో ఉంది, అందులో నుంచి విడదీసి ఇవ్వడానికి దారి లేదు. నేను ఒక టికెట్ తీశాననుకున్నాను. తీసింది ఇద్దరినీ కలిపి కట్టే తాడు.

నేను ప్లాట్‌ఫారం మీదికి వెళ్లిన కాసేపటికి ఆమె ఆటో దిగి లోపలికి వచ్చింది. ఆకుపచ్చ చీర, చేతిలో గుడ్డసంచి. నన్ను చూసింది, చూడనట్టే వెళ్లి రెండు స్తంభాల అవతల బెంచీ మీద కూర్చుంది. నేను ఇవతల నిలబడ్డాను.

మా టికెట్ చెల్లే ప్యాసింజర్ గంటకు పైగా ఆలస్యమని మైకులో చెప్పారు. దాని కంటే ముందు ఎక్స్‌ప్రెస్ వస్తోందని కూడా చెప్పారు. పక్కనే ఉన్న పెద్దమనిషిని అడిగాను. ఆయన నా ఫోన్ చూసి, ఇది ఆ బండికి నడవదని, వేరే టికెట్ తీసుకోవాలని చెప్పాడు. అక్కడే నిలబడి మళ్లీ తీయబోతే, మీరు పట్టాలకు చాలా దగ్గరగా ఉన్నారు, టికెట్ ఇవ్వలేం అని వచ్చింది. స్టేషన్ బయటికి పోతే గాని కుదరదట. గేటు వైపు పది అడుగులు వేశానో లేదో, ఎక్స్‌ప్రెస్ కూత వినపడింది.

వెనక్కి తిరిగి చూసేసరికి మా తోటికోడలు సంచి భుజాన వేసుకుని జనంతో పాటు పెట్టె వైపు పోతోంది. ఇది తాండూరు పోతుందా అని ఎవరినో అడిగినట్టుంది, వాళ్లు పోతుందని తలూపినట్టుంది. అక్కా, అది మన బండి కాదు, ఆగు అని కేక వేయాలి. అంతే పని. కానీ ఆరేళ్లు పలకని 'అక్క' అనే మాట నోటికి రాలేదు.  ఆమె ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, నొప్పి ఉన్న కాలును ఇంకో చేత్తో ఎత్తి పెట్టుకుని ఎక్కేసింది. టికెట్ లేకుండా ఆమెను పంపలేను. పరుగెత్తి వెళ్లి అదే పెట్టెలో నేనూ ఎక్కాను.

లోపల కాలు మోపే సందు లేదు. నేను మరుగుదొడ్డి తలుపుకు ఆనుకుని ఇరుక్కుపోయాను. ఎవరి మూటో నా మోకాళ్లకు ఒత్తుకుంటోంది, ఎవరి మోచేయో నా వీపులో దిగుతోంది. మా తోటికోడలు నాలుగు సీట్ల అవతల, కిటికీ వైపు ముఖం పెట్టుకుని నిలబడింది. నాకు దిగే దారి లేదు, ఆమె దగ్గరికి పోయే దారి లేదు. చేతిలో ఉన్న టికెట్ టికెట్ కాదని నాకొక్కదానికే తెలుసు.  

టీసీ వచ్చాడు. నడివయసు మనిషి, కళ్లద్దాలు ముక్కు మీదికి జారుతున్నాయి. నా ఫోన్ చూసి, ఇది ఆర్డినరీ టికెట్ అనీ, ఈ బండికి తేడా డబ్బుతో పాటు జరిమానా కట్టాలనీ చెప్పాడు. కడతానని అతను చూపించిన కోడ్‌కు ఫోన్ పెట్టాను. సిగ్నల్ లేదు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. నా దగ్గర నోట్లు లేవు. నోట్లు పెట్టుకోవడం మానేసి చాలా కాలమైంది.

"ఇద్దరి టికెట్ ఉన్నది గదమ్మా, రెండో మనిషి ఎవరు?" అని అడిగాడు.

నేను చూపించలేదు. చూపిస్తే ఆమెను కూడా ఇందులోకి లాగినట్టవుతుంది. చూపించకపోతే ఆమె టికెట్ లేని మనిషి అవుతుంది. ఆ రెండింటి మధ్య ఊగుతుండగా, ఒక సంగతి ఒప్పుకోవాలి, లేదు ఎవరూ లేరు అని చెప్పేద్దామన్న ఆలోచన కూడా వచ్చింది. ఇంతలో కిటికీ దగ్గర నుంచి ఆమే అంది.

"నేనే సార్. గామె మా యారాలు."

మా వైపు తోటికోడలిని యారాలనే అంటాం. ఆమె జనాన్ని తోసుకుని ఇటు వచ్చింది. ఆమె నడుము దగ్గర చీర చెంగులో ముడేసిన డబ్బు నాకు కనిపిస్తూనే ఉంది. నేను అడగలేదు, ఆమె తీయలేదు. టీసీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె కాలు ఈడ్చుకుంటూ రావడం కూడా చూశాడు.

"ధారూర్‌ల ఆగుతది. ఆడ దిగుండ్రి, ఎనక ప్యాసింజర్ వస్తది," అని చెప్పి ముందుకు పోయాడు.

ధారూర్‌లో మాతో పాటు ఇద్దరు ముగ్గురే దిగారు. బండి వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం ఒక్కసారిగా ఖాళీ అయిపోయింది. అవతల కంది చేలు. బస్సు రోడ్డు దాకా నడవడం ఆమె వల్ల కాదు. నేను టికెట్ కౌంటర్ దగ్గరికి వెళ్లి ఈ టికెట్ మీద ప్యాసింజర్ ఎక్కవచ్చా అని అడిగాను. కౌంటర్‌లో ఉన్నామె ఓపికగానే చెప్పింది. మధ్యలో దిగాక ఆ టికెట్ అక్కడితో అయిపోయినట్టేనని, ఇక్కడి నుంచి తాండూరుకు కొత్తది తీసుకుంటేనే మంచిదని. సరేనని కోడ్ మీదికి ఫోన్ ఎత్తాను. తెర నల్లబడింది. ఛార్జింగ్ అయిపోయింది. పొద్దుటి నుంచి టికెట్ పోతుందేమోనని నిమిషానికోసారి ఆ ఫోన్‌ను వెలిగించి చూసుకున్నది నేనే.

ఇక నా దగ్గర టికెట్ లేదు, డబ్బు లేదు, ఫోన్ లేదు. మా ఆయన నంబరు కూడా నాకు నోటికి రాదు. ఆ స్టేషన్‌లో నాకు తెలిసిన మనిషి ఒక్కతే. నేను వెళ్లి ఆమె కూర్చున్న బెంచీకి ఇంకో చివర కూర్చున్నాను. మధ్యలో ఆమె గుడ్డసంచి.

 ఆమె పట్టాల వైపు చూస్తూనే అడిగింది.

"ఆ దినం నాకు ఫోన్ ఎందుకు చెయ్యలే?"

ఆరేళ్లుగా దీనికి జవాబులు తయారు చేసి పెట్టుకున్నాను. వేళ కాని వేళ మీకు బండి దొరకదనుకున్నాను, ఊరికే కంగారు పడతారనుకున్నాను. అవి అబద్ధాలు కావు. కానీ ఎటూ పోవడానికి లేని ఆ బెంచీ మీద అవి చెప్పబుద్ధి కాలేదు.

"డాక్టర్ పొద్దుగూకంగనే చెప్పిండు, ఇగ కష్టమని," అన్నాను.

"పొద్దుగూకంగనే చెప్పిండా?"

"ఆఁ. అన్ని దినాలు సేవ చేసింది నేను. ఆఖరికి నేనొక్కదాన్నే ఉండాలె అనిపించింది. గంతే అక్క. ఇంకేం లేదు."

 గూడ్సు బండి ఒకటి వచ్చి మా ముందు నుంచి పోవడం మొదలుపెట్టింది. పెట్టె వెనక పెట్టె, సిమెంటు దుమ్ము పట్టిన పెట్టెలు, ఎంతకీ తరగలేదు. బెంచీ అదురుతోంది. ఆ చప్పుడులో ఆమె ఏమన్నా అంటోందేమోనని చూశాను. పెదవులు కదల్లేదు. చివరి పెట్టె కూడా దాటిపోయాక అడిగింది.

"నన్ను అడిగిందా?"

"అడిగింది. పెద్దది వచ్చిందా అని రెండుసార్లు అడిగింది. వస్తున్నదని చెప్పిన."

ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. నేను చెయ్యి వేయలేదు. వేసే హక్కు నాకు ఉందనిపించలేదు. కాసేపటికి కొంగు తీసి, ముక్కు తుడుచుకుని, నా వైపు తిరిగింది. ఆరేళ్లలో ఆమె నన్ను సూటిగా చూడటం అదే మొదలు.

"గీ మాట కూడ ఇన్నేండ్లు నీ తాన్నే దాసుకున్నవ్," అంది.

తిట్టి ఉంటే తేలికగా ఉండేది. ఆమె లేచి, కాలు ఈడ్చుకుంటూ కౌంటర్ వైపు వెళ్లింది. తనకొక్కదానికే టికెట్ తీసుకుంటుందని నేను అనుకున్నాను. తీసుకుంటే తప్పులేదు. ఈ స్టేషన్‌లో ఎంతసేపు కూర్చోవాలి, ఎవరి ఫోన్ అడగాలి, ఎవరికి చేయాలి అని ఆలోచించడం మొదలుపెట్టాను కూడా. ఆమె తిరిగి వచ్చి, కాగితం టికెట్ ఒకటి చెంగులో పెట్టి ముడి వేసుకుంది.

"ఇద్దరిది తీసిన. నా పక్కపొంటి ఉండు. తప్పిపోతే నేను ఎతకను."

ప్యాసింజర్ వచ్చింది. పెట్టెలో జనం తక్కువగానే ఉన్నారు. ఎదురెదురుగా కూర్చున్నాం. తాండూరు దాకా మళ్లీ మాట లేదు. దారి పొడుగునా ఆమె నన్నే చూస్తున్నట్టు అనిపించేది, తలెత్తితే కిటికీ బయటికి చూస్తూ ఉండేది. లేచి ఇంకో చోట కూర్చోవచ్చు. చాలా సీట్లు ఖాళీగా ఉన్నాయి. నేను లేవలేదు. అంతకుముందు ఎక్స్‌ప్రెస్‌లో మనుషుల మధ్య నలిగినప్పటి కంటే ఆ ఖాళీ పెట్టెలోనే ఎక్కువ ఇరుకుగా అనిపించింది.

తాండూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. ఆ ఊళ్లో బండ రాయి పాలిష్ పట్టే మిషన్ల చప్పుడు వీధి వీధికీ ఉంటుంది. మా ఆడబిడ్డ ఇల్లు కూడా అలాంటి ఒక యూనిట్ వెనకే. ఆమె మంచం మీద పడుకుని ఉంది, కాలికి తొడ దాకా కట్టు. ఇద్దరు వదినెలం ఒకే తలుపులోంచి లోపలికి రావడం చూసి, తన నొప్పి సంగతి చెప్పడం మర్చిపోయి, మాట్లాడుకున్నారా అని అడిగింది. మా తోటికోడలు, "బండి ఆలిస్యమైంది," అని చెప్పి, చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వంటింట్లోకి పోయింది. అన్నం వండింది. పప్పు చేసింది. నాకు కంచంలో వడ్డించేటప్పుడు కూడా చేయి ఆగలేదు, వేరుగా చూడలేదు.

నేను ఆ సాయంత్రమే బస్సులో వికారాబాద్ వచ్చేశాను. ఆమె పది రోజులు అక్కడే ఉండి మా ఆడబిడ్డకు చేసింది. తిరిగి వస్తూ ముందుగా చెప్పకుండా మా ఇంటికి వచ్చింది. నేను అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి వరండాలో కూర్చుని ఉంది. నీళ్లు తాగింది, చాయ్ తాగింది. అత్తమ్మ ఆఖరి దినాల సంగతి మొదటి నుంచి చెప్పమంది. ఏం తినేది, ఏం మాట్లాడేది, ఏ పక్కకు తిరిగి పడుకునేది, అన్నీ. నేను చెప్పాను. ఒక్కటి కూడా వదలకుండా చెప్పడానికి రెండు గంటలు పట్టింది. మధ్య మధ్య ఆమె ఆపి మళ్లీ చెప్పించుకుంది.

నన్ను క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు. నేనూ అడగలేదు. నెలకోసారి వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ కబుర్లే చెప్పించుకుంటుంది. ఇప్పుడు నాకే ఒక్కోసారి ఏది జరిగిందో, ఏది చెప్పి చెప్పి అలా అయిపోయిందో తెలియడం లేదు.