అత్తమ్మ అరువిచ్చిన నాడి

మా అత్తమ్మ, అంటే నాన్నకు అక్క, పోయిన ఆదివారం కన్నుమూసింది. ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "కరోనానా?" అనే అడిగారు. కాదు, గుండె. మామూలు రోజులైతే, మగ్గాల పనికి వలసొచ్చిన మన తెలుగువాళ్ళుండే మా పేట పర్వత్ పాటియా సగం కదిలివచ్చేది. మాస్కులు కట్టుకుని నలుగురైదుగురమే సాగనంపాం. ఆ కొరత నాకు తీరక మీతో చెప్పుకుంటున్నాను.

ఆమె తన దుకాణంలో మరమగ్గాల కార్డులు, అంటే మగ్గానికి బిగించే ఎలక్ట్రానిక్ పలకలు, బాగుచేసేది. ఆ దుకాణంలోనే నా పనీ. దారం తెగగానే మగ్గాన్ని ఆపేది ఆ కార్డే. దాని మీది చిప్ పనిచేయాలంటే టిక్కు టిక్కుమని ఒక నాడి కొట్టుకుంటూ ఉండాలి. చిప్ లోపలే ఒక నాడి ఉంటుంది. మరీ కచ్చితంగా కావాలంటే బయట క్రిస్టల్ అనే చిన్న రేకు బిళ్ళ పెట్టి, దాన్నుంచి తీసుకొమ్మని చిప్‌కి చెప్పాలి. అత్తమ్మకు క్రిస్టల్ మీదే గురి. "లోపటిది ఎండకో తీరు, చలికో తీరు కొట్టుకుంటది" అనేది.

మొదటి లాక్‌డౌన్ ఎత్తేశాక బజారులో క్రిస్టళ్ళు దొరకలేదు. ఊళ్ళ నుంచి తిరిగొచ్చిన మనవాళ్ళు ఖాళీగా కూర్చున్నారు. కార్డులు వస్తేనే మగ్గాలు, మగ్గాలు ఆడితేనే కూలి.

"దారం తెగితే ఆగుడే గదా, దానికి ముహూర్తం జూడాల్నా? లోపటిదే నడుస్తది" అని అత్తమ్మ ప్రోగ్రాం మార్చింది. నా హెయిర్ డ్రయ్యర్‌తో కార్డును వేడెక్కించి మరీ పరీక్షించింది. ఆ డ్రయ్యర్ మళ్ళీ నా చేతికి రాలేదు.

అంతా బాగానే ఉంది కానీ, అలవాటుపడ్డ చేయి ఊరుకుంటుందా? పరీక్షించిన ఆ ఒక్కటి తప్ప మిగతా చిప్‌లకన్నిటికీ పాత సెట్టింగే ఎక్కించేసింది, నాడి బయటి నుంచే తీసుకొమ్మని. బయట ఏముంది? చిప్‌లు మూగబోయాయి. సరిదిద్దుదామంటే కంప్యూటర్ పిలిచినా పలకవు. కొత్తవి కొందామంటే దొరకవు.

కార్డుల కోసం వచ్చిన పక్కింటి కాక మగ్గం నడుపుతాడు. గుమ్మంలోనే నీరుగారిపోయాడు. "ఏందక్కా, అన్ని సచ్చిపాయెనా?"

"సావలే తమ్మీ. నాడి కోసం సూస్తున్నయి. జరంత అరువిస్తే లేస్తయి. చాయ్ తాగు."

అత్తమ్మ బాగున్న ఆ ఒక్క చిప్‌తో నాడి కొట్టించి, తీగతో మూగ చిప్ లోహపు కాలికి అందించింది. తీగ పట్టుకున్నది నేను. చేయి ఒకటే వణుకు. "గట్టిగ వట్టు బిడ్డా. నువ్వు ఇడిస్తే దాని ఊపిరి ఆగుతది." చిప్ పలికింది! పలికిన వెంటనే సెట్టింగ్ మార్చి, ఇక నీ లోపలి నాడితోనే బతకమంది. అలా ఒక్కొక్కటే లేచాయి. మర్నాడు గోడ అవతల మగ్గాల చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చింది.

"తప్పు జేసింది నేను, ఏడ్సుడు నీదా?" అని నవ్వింది.

అరువిచ్చిన ఆ చిప్‌ను ఆమె విప్పలేదు. చిన్న ఎర్ర లైటు తగిలించి బల్ల మూలన ఉంచింది. "బంద్ జెయ్యకు. ఎవలికన్న అక్కరొస్తది."

నిన్న దుకాణం తెరిచాను. కాక ఒక మూగ కార్డు పట్టుకుని మొహమాటంగా నిలబడ్డాడు. "ఇగ ఎవలు జేస్తరు బిడ్డా?"

"నేనే జేస్త కాకా. చాయ్ తాగు."

తీగ అందుకున్నాను. చేయి వణకలేదు. బల్ల మూలన ఎర్ర లైటు, ఆమె పెట్టినచోటే, వెలుగుతూ ఆరుతూ ఉంది.