కోదాడలో విమానపు దిక్సూచి

పెత్రమాస అమావాస్యకు పెద్దల పేరిట బియ్యం ఇవ్వడం మా ఇంట్లో నా వంతు. ఆ బియ్యం చనిపోయినవారికి చేరుతుందని నమ్మను. ఇవ్వడం మాత్రం మానలేదు. బియ్యం అందుకునే అయ్యగారు అడిగితే తాత పేరు, నాన్న పేరు చెబుతాను. డెబ్బై ఒకటి యుద్ధంలో విమానంతో సహా సముద్రంలో గల్లంతైన మా పెదనాన్న పేరు ఇంతవరకు చెప్పలేదు. దేహం దొరకని మనిషిని పెద్దల్లో కలపవద్దని ఆయన చెల్లెలు, మా మేనత్త, పట్టుబట్టింది. ఇప్పుడు ఆ విమానపు దిక్సూచి కోదాడలో ఉందని ఎవరో ఆమె చెవిన వేశారు. నిజానిజాలు తేల్చి మిర్యాలగూడ వెళ్లి ఆమెకు చెప్పాలి. మర్నాడే అమావాస్య.

ఉదయం ఆరూ నలభైకి సూర్యాపేటలో బస్సెక్కాను. భూతద్దం తెచ్చానో లేదోనని సంచి రెండుసార్లు తడుముకున్నాను, గడియారం అంతకన్నా ఎక్కువసార్లు చూసుకున్నాను. పక్కన గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకున్న పెద్దామె ఊరుకోలేదు.

"ఎన్నిసార్లు గడియారం సూస్తవ్ సారూ? బస్సు నువ్వే నడుపుతున్నవా ఏంది?"

ఎనిమిదికి కోదాడ. పాత ఇనుప సామాన్ల దుకాణం యజమాని దుమ్ము తుడిచి దిక్సూచిని చేతికిచ్చాడు.

"విమానందేనండి మాస్టారూ. మా నాన్న బందరు వైపు నుంచి తెచ్చాడు."

అది రెండు ఇత్తడి వలయాల నడుమ వేలాడుతోంది. పడవ ఊగినా దిక్సూచి వాలకుండా ఉండేందుకు చేసే అమరిక అది. పడవదని చెప్పాను.

"పడవదైతే మాత్రం? సముద్రందే కదండీ!" అని నవ్వాడు.

చాయ్ తాగి తొమ్మిదింబావుకు హుజూర్‌నగర్ మీదుగా వెళ్లే బస్సు పట్టుకున్నాను. పెదనాన్నను ఫలానా చోట చూశామన్న కబుర్లు ఇదివరకు ఎన్నో వచ్చాయి. ఒక్కొక్కటీ తప్పని రుజువు చేసి ఆమె ముందుంచాను. ఇదీ వాటిలో చేరబోతోంది.

పదకొండు దాటాక మిర్యాలగూడ చేరాను. మేనత్త గడపలోనే నిలబడి ఉంది.

"దొరికిందా కొడుకా?"

"అది పడవది, అత్తమ్మా."

"అయితే ఇంకేడనో ఉన్నడంటవా?"

"ఉన్నట్టు ఆధారం లేదు."

"ఎప్పుడడిగినా గిదే మాట! సైన్సు సారువి గదా. సముద్రంల పడ్డోడు ఎన్నొద్దులు బతుకుతడు? గది చెప్పు."

"నీళ్లమీద తేలినా, తాగేందుకు మంచినీళ్లు లేకుంటే మూడు నాలుగు రోజులు."

"గంతేనా?"

"అంతే."

"గీ ముక్క ముందే చెప్తే నీ సొమ్మేం పోయేది?"

వచ్చిన ప్రతి కబురునూ పరీక్షించాను గాని, నాకు తెలిసిన నిజాన్ని ఆమెకు ఒక్కసారీ చెప్పలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లోపలికి వెళ్లి కంచం పెట్టింది. పప్పు వడ్డిస్తూ అంది:

"మా అన్నకు చామగడ్డ పులుసంటే పాణం. రేపు బియ్యంల చామగడ్డలు పెట్టు. పేరు గట్టిగ చెప్పు, మీ అయ్యగారికి చెవుడు."

బజారులో చామగడ్డలు కొని మూడు గంటల బస్సెక్కాను. ఈ మూడు ఊళ్లనూ ఒక్క రోజులో చుట్టి రావచ్చు. నేను తేల్చవలసింది మాత్రం కోదాడ దుకాణంలో లేదు. ఆ పేరు గట్టిగా చెప్పడం నాకు అలవాటు లేనిది. కిటికీ వైపు తిరిగి, "నరహరి" అన్నాను.

పక్కనున్నాయన తల తిప్పాడు. "ఎవరు సార్?"

"మా పెదనాన్న."

"ఏడ ఉంటరు?"

"లేడు," అన్నాను. "యుద్ధంల చనిపోయిండు."